లోపల, వెలుపల: బీదరు సీమయందు స్థానగతిబోధక పదముల చరిత్ర

భాషలో మిక్కిలి పెద్ద పనులు చేయునవి మిక్కిలి చిన్న మాటలు. ఒక వస్తువు ఎచ్చట నున్నదో, ఎచ్చటినుండి ఎచ్చటికి కదలినదో చెప్పుటకు తెలుగున ‘లో’, ‘మీద’, ‘కింద’, ‘కు’, ‘నుండి’ మొదలగునవి గలవు. ఆంగ్లమున ‘ఇన్’, ‘ఆన్’, ‘అండర్’, ‘టు’, ‘ఫ్రమ్’ మొదలగునవి గలవు. పలుకుటకు అరక్షణము పట్టని యీ మాటలలో ఒక్కటి తప్పినను వాక్యము తలక్రిందులగును. ఆంగ్లము నేర్చు తెలుగు విద్యార్థి క్రియారూపములను కంఠస్థము చేయగలడు, వర్ణక్రమమును సాధింపగలడు. కాని ‘అప్’, ‘డౌన్’, ‘అవుట్’, ‘ఆఫ్’ అను మాటలు క్రియల వెనుకను నామముల ముందును చేరి చేయు వింతలయొద్ద అతడు తఱచుగా తడబడుచుండును.

ఈ తడబాటునకు తెలుగు భాషలోని కొఱత ఏదైన కారణమా? లేక నేర్పు విధానములో లోపమున్నదా? ఈ ప్రశ్నకు వ్యాకరణ గ్రంథములతోపాటు ఒక పట్టణపు చరిత్ర కూడ సమాధానము చెప్పగలదు. ఆ పట్టణము బీదరు. నామమునకు ముందు స్థానపదము నిలుపు భాష యొకటి ఆంగ్లమునకు నాలుగైదు శతాబ్దములకు ముందే అచ్చట కొలువుదీరినది. నామమునకు వెనుక స్థానపదము నిలుపు భాషలు నాలుగు నేటికిని అచ్చటి వీథులలో వినబడుచున్నవి. కావున ఈ విషయమును పరిశీలించుటకు బీదరుకంటె తగిన తావు అరుదు.

1. ఆంగ్లపద్ధతి

‘హి కేమ్ డౌన్ ఫ్రమ్ ది ఫోర్ట్ ఇన్‌టు ది టౌన్’ అను వాక్యమును తీసికొనవచ్చును. ఇందు ‘డౌన్’ అనునది రాకను విశేషించుచున్నది. ఏ నామమును ఆశ్రయింపలేదు. ‘ఫ్రమ్’ అనునది కోటను ఆశ్రయించినది. ‘ఇన్‌టు’ అనునది పట్టణమును ఆశ్రయించినది. మొదటిది క్రియావిశేషణము, తక్కిన రెండును నామమునకు ముందు నిలుచు విభక్త్యర్థకములు. కాని ఆంగ్లమున ఈ రెండు జాతులకును నడుమ గోడ లేదు. ‘హి వెంట్ డౌన్’ అన్నప్పుడు ‘డౌన్’ క్రియావిశేషణము. ‘హి వెంట్ డౌన్ ది హిల్’ అన్నప్పుడు అదియే నామమును పట్టుకొని నిలుచును. 1924లో డెన్మార్కు దేశపు పండితుడు ఆటో యెస్పర్సన్ తన వ్యాకరణతత్త్వ గ్రంథమున, నామమును ఆశ్రయించినంత మాత్రమున ఆ పదము వేఱు జాతి కానేరదని వాదించి, వీనినన్నిటిని ఒక్క వర్గముగా గణించెను.

ఈ మాటలు క్రియతో చేరి, స్థలార్థమును విడిచి క్రొత్త యర్థమును పుట్టించుట మఱియొక విశేషము. ‘గివ్’ అనగా ఇచ్చుట. ‘గివ్ ఇన్’ అనగా లొంగిపోవుట. 1755లో తన నిఘంటువును ప్రకటించిన శామ్యూల్ జాన్సన్ పీఠికలోనే ఈ సంగతి నెత్తిచూపి, పరదేశీయులకు ఆంగ్లమున అన్నిటికంటె కష్టమైనది ఇదియే యని ఒప్పుకొనెను. అనగా ఈ కష్టము తెలుగువారికి మాత్రమే ప్రత్యేకమైనది కాదు.

చరిత్రను బట్టి చూచినచో ఈ పద్ధతికి కారణము తెలియును. ప్రాచీనాంగ్లమున నామములకు విభక్తి ప్రత్యయములుండెడివి. ఒకే ‘ఇన్’ అను పదము తరువాతి నామము చతుర్థియందున్నచో ఉనికిని, ద్వితీయయందున్నచో ప్రవేశమును తెలిపెడిది. జర్మను భాషలో నేటికిని ఈ భేదము నిలిచియున్నది. ఆంగ్లమున ప్రత్యయములు అరిగిపోగా ఆ భారము చిన్న పదములపై పడెను. ‘ఇన్’ అను క్రియావిశేషణమును, ‘టు’ అను ఉపపదమును ప్రక్కప్రక్కన నిలిచి ‘ఇన్‌టు’ ఆయెను. ‘అప్’, ‘ఆన్’ కలిసి ‘అపాన్’ ఆయెను. ‘అవుట్ ఆఫ్’ అనునది నేటికిని రెండు మాటలుగనే వ్రాయబడుచున్నది. ఇవన్నియు క్రియావిశేషణమును ఉపపదమును జతకూడుటచే పుట్టినవే.

2. పాణిని చేసిన విభాగము

ఒకే పదము క్రియతో కూడినప్పుడు ఒకటిగను, నామముతో కూడినప్పుడు మఱియొకటిగను ప్రవర్తించుట భారతీయులకు క్రొత్త కాదు. ప్ర, పరా, అను, ప్రతి, పరి, ఉప మొదలగు ప్రాదులను పాణిని ఒకచోట చేర్చెను. అవి క్రియతో యోగము పొందినప్పుడు వానికి ఉపసర్గలని పేరు పెట్టెను. అందు కొన్ని క్రియతో యోగము లేక నామముతో సంబంధించి దాని విభక్తిని శాసించునప్పుడు వానికి కర్మప్రవచనీయములని వేఱు పేరు పెట్టెను. ‘ప్రతిగచ్ఛతి’ యందలి ‘ప్రతి’ ఉపసర్గ. ‘నగరం ప్రతి’ యందలి ‘ప్రతి’ కర్మప్రవచనీయము. ఆంగ్లపు ‘డౌన్’, ‘అప్’, ‘ఇన్’ పదముల ద్విరూపమునకు ఇంతకంటె చక్కని పరిభాష దొరకదు.

వేదభాషలో ఉపసర్గలు క్రియకు దూరముగను, క్రియకు తరువాతను కూడ నిలుచుచుండుటను పాణిని గుర్తించెను. ఆంగ్లమున ‘పుట్ ది ల్యాంప్ అవుట్’ అన్నప్పుడు ‘పుట్’, ‘అవుట్’ అనువాని నడుమ దీపము వచ్చి కూర్చుండుట ఇట్టిదే. ఉపసర్గలకు స్వతంత్రార్థము గలదా, లేదా యను వివాదమును యాస్కుడు నిరుక్తమున ప్రస్తావించెను. విడిగా నున్నప్పుడు వానికి అర్థము లేదని శాకటాయనుడును, గలదని గార్గ్యుడును వాదించిరి. ‘గివ్ ఇన్’ అనుదానిలో ‘ఇన్’ అర్థమేమని నేటి విద్యార్థి అడుగు ప్రశ్నయు శాకటాయన గార్గ్యుల వివాదమే.

3. బీదరునకు వచ్చిన పారసీకము

బీదరు కాకతీయ సామ్రాజ్యపు పడమటి అంచున నుండెను. ఓరుగల్లుపై రెండవమాఱు దండెత్తివచ్చిన ఉలూఘ్‌ఖాను మార్గమధ్యమున బీదరును పట్టుకొని, 1323లో ప్రతాపరుద్రుని జయించెను. 1347లో బహమనీ రాజ్యము ఏర్పడెను. 15వ శతాబ్దపు మూడవ దశకమున అహమ్మదుషా తన రాజధానిని గుల్బర్గానుండి బీదరునకు మార్చెను. ఆనాటినుండి ఇరాను, మధ్యాసియా దేశముల పండితులు, కవులు, సైనికులు, వర్తకులు బీదరు చేరుచుండిరి. గీలాను ప్రాంతమునుండి వచ్చి మంత్రిపదవి నందిన మహమూదు గవాను 1472లో పూర్తిచేయించిన మదరసా నేటికిని పట్టణమధ్యమున నిలిచియున్నది. పారసీక లేఖనకళపై గవాను స్వయముగ గ్రంథములు రచించెను. 1481లో అతడు మరణశిక్షకు గుఱియైనను, అతడు పోషించిన భాష బీదరును విడువలేదు. బరీదుషాహీలు, బిజాపురపు ఆదిల్‌షాహీలు, మొగలులు, నిజాములు ఒకరి తరువాత నొకరు ఏలినను కచేరీ భాష పారసీకమే యైయుండెను. 1880 దశకమున గాని హైదరాబాదు రాజ్యమున ఉర్దూ ఆ స్థానమును పొందలేదు.

పారసీకము స్థానపదమును నామమునకు ముందు నిలుపు భాష. ‘దర్’ అనగా లోపల. ‘బర్’ అనగా మీద. ‘అజ్’ అనగా నుండి. ‘బే’ అనగా లేక. ‘బా’ అనగా తోడ. అంతియ గాదు. ఈ ‘దర్’, ‘బర్’ పదములు క్రియలకు ముందు చేరి క్రొత్త యర్థములను పుట్టించును. అనగా ఆంగ్లమునకు గల రెండు లక్షణములును పారసీకమునకు గలవు. ఆ భాషనుండి తెలుగు కచేరీ భాషలోనికి వచ్చిన మాటలను విడదీసి చూచినచో ఈ విషయము స్పష్టమగును.

‘బర్తరఫు’ అను మాటలో ‘బర్’ మీద, ‘తరఫ్’ ప్రక్క. ప్రక్కకు పెట్టుట యనగా కొలువునుండి తొలగించుట. ఇచ్చట ‘బర్’ నామమును ఆశ్రయించినది. ‘బరఖాస్తు’ అను మాటలో అదే ‘బర్’ లేచుట యను క్రియతో చేరినది. కొలువువారు లేచిరి, అనగా సభ ముగిసెను. ఇచ్చట అది ఉపసర్గ. ‘దరఖాస్తు’ అను మాటలో ‘దర్’ కోరుట యను క్రియతో చేరినది. ‘దర్యాప్తు’ అను మాటలో కనుగొనుట యను క్రియతో చేరినది. ఆంగ్లమున ‘ఫైండ్ అవుట్’ అనుదానికి ఇది సోదరసమానము. ‘బేదఖలు’ అను మాటలో ‘బే’ లేమిని తెలుపుచున్నది. ‘దర్బారు’ అనుదానిలోని ‘దర్’ మాత్రము ద్వారమను నామము. దానిని ఈ పట్టికలో చేర్చరాదు.

ఈ మాటలను పలుకు రైతు గాని, పట్వారి గాని పారసీక వ్యాకరణమును చదువలేదు. ‘దర్’ అనగా నేమి, ‘బర్’ అనగా నేమి అని ఎవ్వరును వానికి నేర్పలేదు. దరఖాస్తు ఎప్పుడు పెట్టవలెనో, దర్యాప్తు ఎవరు చేయుదురో, బేదఖలైనచో భూమి ఎట్లు పోవునో జీవితమే నేర్పినది. మాట సందర్భముతో కూడ వచ్చినది, నిండు పదముగా వచ్చినది, కావున నిలిచినది. ఆంగ్ల బోధనలో మఱచిన రహస్యము ఇదియే.

4. తెలుగు వ్యాకరణములు, దొరల వ్యాకరణములు

చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున విభక్తులను సంస్కృతక్రమమున ఏడింటిగా విభజించెను. సప్తమికి ‘అందు’, ‘న’ అనువానిని చెప్పెను. స్థానమును తెలుపుటకు నేడు ఎక్కువగా వాడబడు ‘లో’, ‘లోపల’ అనువానిని షష్ఠిలో ‘కి’, ‘కు’, ‘యొక్క’ అనువాని సరసన ఉంచెను. ‘వారిలో నొకడు’ అను నిర్ధారణార్థమునకు ఈ యమరిక అనుకూలమైనది. ‘మీద’, ‘కింద’, ‘ముందు’, ‘వెనుక’ మొదలగునవి ఆ పట్టికలో కానరావు. ఏలయన ఇవి ప్రత్యయములు కావు. నామస్వభావము గల పదములు. అందుచేతనే ‘మీదికి’, ‘కిందినుండి’, ‘ముందరి’, ‘వెనుకటి’ అని వానికి మఱల ప్రత్యయములు చేరుచున్నవి.

‘నుండి’ చరిత్ర ఇంకను ఆసక్తికరము. ‘ఇంట నుండి వచ్చెను’ అనగా మొదట ‘ఇంటియందు ఉండి, పిదప వచ్చెను’ అని యర్థము. ‘న’ ప్రత్యయమును, ‘ఉండు’ ధాతువుయొక్క క్త్వార్థకమును కలిసి కాలక్రమమున ఒక్క విభక్త్యర్థకమైనవి. అపాదానమును తెలుపుటకు తెలుగు ఒక క్రియనే పనిలోనికి దింపినది. ఈ సంగతి ముందు చెప్పబోవు విషయమునకు మూలము.

ఆంగ్లేయులు తెలుగు నేర్చుకొనవలసి వచ్చినప్పుడు ఇదే చిక్కు ఎదురువైపునుండి వారికి కలిగెను. సీరాంపురమున విలియం కేరీ 1814లోను, మదరాసున ఎ.డి. కాంప్‌బెల్ 1816లోను, సి.పి. బ్రౌను 1840లోను, ఆర్డెన్ 1873లోను తెలుగు వ్యాకరణములను ఆంగ్లమున ప్రకటించిరి. 1812లో మదరాసున నెలకొన్న సెయింట్ జార్జి కోట కళాశాలలో కంపెనీ ఉద్యోగులకు దక్షిణదేశ భాషలను నేర్పుచుండిరి. తమ భాషలో ముందు నిలుచు పదము ఇచ్చట వెనుక నిలుచుట ఆ ఉద్యోగులకు తలక్రిందులుగ తోచియుండును. 1856లో కాల్డ్‌వెల్ ద్రావిడభాషలను సంస్కృతమునుండి వేఱుపఱచు లక్షణములలో దీనిని కూడ చేర్చెను. కావున తెలుగువాడు ఆంగ్లమునకు ఎంత దూరమో, ఆంగ్లేయుడు తెలుగునకు అంతియే దూరము. ఆ దొరలు శ్రమపడి దాటినారు. దాటుటకు వీలైన దూరమే యని దీనివలన తేలుచున్నది.

5. బీదరు వీథిలో నాలుగు భాషలు

బీదరు పీఠభూమి అంచున కోట గలదు. రాతిలో తొలిచిన మూడు వరుసల కందకమును దాటి, షర్జాద్వారము, గుంబదుద్వారము గడచి లోపల ప్రవేశింపవలెను. కోటనుండి ఊరిలోనికి దిగివచ్చు మనుష్యునిగూర్చి ఆ పట్టణపు నాలుగు భాషలవారు ఎట్లు చెప్పుదురో చూడదగును. తెలుగువాడు ‘దిగి వచ్చెను’ అనును. కన్నడిగుడు ‘ఇళిదు బందను’ అనును. మహారాష్ట్రుడు ‘ఉతరూన్ ఆలా’ అనును. ఉర్దూ పలుకువాడు ‘ఉతర్ ఆయా’ అనును. రెండు ద్రావిడభాషలు, రెండు ఆర్యభాషలు. కాని నిర్మాణము ఒక్కటే. ఆంగ్లము ‘డౌన్’ అను పదముతో చేయు పనిని ఇవి నాలుగును ఒక అసమాపక క్రియతో చేయుచున్నవి. స్థానపదమును సైతము నాలుగు భాషలును నామమునకు వెనుకనే నిలుపుచున్నవి.

ఇది యాదృచ్ఛికము కాదు. కుటుంబములు వేఱైనను, ఒక్క సీమలో తరతరములు కలిసి మెలగిన భాషలు ఒండొంటి నడకను గ్రహించునని ఎమెనో పండితుడు 1956లో ప్రకటించిన వ్యాసమున నిరూపించెను. సాంగ్లీ జిల్లాలోని కుప్వాడు గ్రామమున కన్నడము, మరాఠీ, ఉర్దూ భాషల వాక్యనిర్మాణము ఎంత సన్నిహితమైనదో గంపర్జ్, విల్సన్ అను పరిశోధకులు 1971లో చూపిరి. బీదరు కూడ అట్టి సీమయే.

ఈ సామ్యములో తెలుగునకొక ప్రత్యేకత గలదు. ఉర్దూ ‘మే’ యను పదము ఉనికికిని ప్రవేశమునకును ఒక్కటే: ‘షహర్ మే హై’, ‘షహర్ మే ఆయా’. మరాఠీ ‘గావాత్’ అను రూపమును అట్టిదే. తెలుగు ఈ రెంటిని వేఱుచేయును: ‘ఊరిలో నున్నాడు’, ‘ఊరిలోనికి వచ్చినాడు’, ‘ఊరిలోనుండి పోయినాడు’. తెలంగాణపు వాడుకలో ‘ఇంట్ల’, ‘ఇంట్లకు’, ‘ఇంట్లకెల్లి’ అని ఈ త్రివిధభేదము చెక్కుచెదరక నిలిచియున్నది. ‘ది క్యాట్ ర్యాన్ అండర్ ది టేబుల్’ అను ఆంగ్లవాక్యమున పిల్లి బల్లకింద పరుగిడినదో, బల్లకిందికి పరుగిడినదో తెలియదు. తెలుగున ఆ సందేహమునకు తావే లేదు.

తెలుగు ‘లో’, కన్నడము ‘ఒళగె’ అనునవి ఒక్క మూలమునుండి పుట్టినవే. మొదటి అచ్చును హల్లును తావులు మార్చుకొనుట తెలుగున జరిగిన వర్ణవ్యత్యయము. ఈ మార్పు తీరును భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో వెలువడిన తెలుగు క్రియాధాతువుల గ్రంథమున సమగ్రముగ వివరించెను. కావున బీదరు బాలుడు బడిలో కన్నడము నేర్చునప్పుడు ‘ఒళగె’ అనునది పరాయి మాట కాదు. తన ‘లో’కు తోబుట్టువు.

6. అసలు భేదము ఎచ్చట నున్నది?

కదలికను వర్ణించునపుడు ఆంగ్లము నడకతీరును క్రియలోను, దిక్కును చిన్న పదములోను ఉంచును. ‘ర్యాన్ అవుట్’, ‘క్రెప్ట్ ఇన్’, ‘జంప్డ్ అక్రాస్’ అనునవి ఉదాహరణములు. లియొనార్డ్ టాల్మీ అను భాషావేత్త ఈ దృష్టితో ప్రపంచభాషలను రెండు తెగలుగ విభజించెను. దిక్కును క్రియలోనే ఉంచునవి ఒక తెగ. క్రియకు ప్రక్కనున్న పదములో ఉంచునవి వేఱొక తెగ. ఆంగ్లము రెండవ తెగకు చెందినది. తెలుగునకు ఎక్కు, దిగు, దూరు, చొచ్చు, వెలువడు, దాటు, మఱలు అను దిగ్బోధక క్రియలు పుష్కలముగా నున్నవి. ‘అప్’ ఉన్నచోట ‘ఎక్కి’, ‘డౌన్’ ఉన్నచోట ‘దిగి’, ‘బ్యాక్’ ఉన్నచోట ‘తిరిగి’, ‘అక్రాస్’ ఉన్నచోట ‘దాటి’, ‘రౌండ్’ ఉన్నచోట ‘చుట్టి’ అని క్త్వార్థకమును ఉంచినచో అర్థము చాలవఱకు సరిపడును. ఆంగ్లపు క్రియావిశేషణమునకు తెలుగున సమానము పెక్కుచోట్ల క్త్వార్థకమే యను సూత్రమును బాలురకు మొదటనే చెప్పినచో సగము చిక్కు విడిపోవును.

నిర్మాణమును బట్టి చూచినను దూరము అనుకొన్నంత లేదు. ‘ఇన్’, ‘టు’ కలిసి ‘ఇన్‌టు’ అయినట్లే, ‘లో’, ‘కి’ కలిసి ‘లోకి’ యైనది. ‘కమ్ ఇన్’ అన్నప్పుడు ఒంటరిగ నిలుచు పదము నామముతో చేరి ‘ఇన్‌టు ది హౌస్’ అయినట్లే, ‘లోపలికి రమ్ము’ అన్న మాట ‘ఇంటిలోపలికి రమ్ము’ అగును. భేదము ‘అవుట్ ఆఫ్’ వద్ద కలుగును. తెలుగువాడు ‘లోనుండి’ యని బయలుదేరిన చోటును తలచును. ఆంగ్లేయుడు ‘అవుట్’ అని చేరిన చోటును తలచును. దృష్టి వేఱు, దృశ్యము ఒక్కటే.

స్థానపదము క్రియతో చేరి క్రొత్త యర్థమును పుట్టించుట తెలుగునకును కలదు. ‘లో’, ‘పడు’ కలిసి ‘లోబడు’ ఆయెను. లోపల పడుట కాదు, అణగియుండుట. ‘గివ్ ఇన్’ అనుదానికి ఇంతకంటె చేరువ మాట యుండదు. రెంటిలోను లోపలి యర్థమే లొంగుబాటును తెలిపినది. ‘మీదపడు’, ‘పైబడు’ అనగా ఎదిరించి కొట్టుట. ‘ఫాల్ ఆన్’ అనుటయు అట్టిదే. ‘వెనుకాడు’ అనగా సంశయించుట, ‘హోల్డ్ బ్యాక్’. ‘బయటపడు’ అనగా కష్టమునుండి తప్పించుకొనుట, లేక రహస్యము వెల్లడియగుట, ‘కమ్ అవుట్’. ‘వెనకేసికొని వచ్చు’ అనగా ఒకని పక్షమున మాటలాడుట, ‘బ్యాక్ అప్’. ఇంతటి సంపద గల భాష పలుకువాడు ఆంగ్లపు పద్ధతిని చూచి బెదరుట ఇంటి ధనము ఎఱుగనివాని బెదరువంటిది.

కొన్నిచోట్ల తెలుగు ఏకపదముతో ముగించును. బీదరు పేరు లోకమున మోయు బీద్రీ పనినే చూడదగును. జస్తు, రాగి కలిపి పోతపోసిన పాత్రపై చిత్రమును చెక్కి, ఆ చెక్కిన గాళ్లలో వెండితీగ నమర్చి కొట్టుదురు. పిదప కోటలోని మట్టిని నవాసారముతో కలిపి పూసినచో లోహము నల్లబడి వెండి మెఱయును. ఈ వెండి పనిని ఆంగ్లేయులు ‘లే’, ‘ఇన్’ అను రెండు మాటలను మార్చి కలిపి ‘ఇన్‌లే’ అందురు. తెలుగువారు ‘పొదుగుట’ అందురు. చిన్న పదము అక్కఱ లేకయే క్రియయందే ‘లోపల’ అను భావము ఇమిడియున్నది.

7. బడిలో ఆంగ్లము

1918లో నెలకొల్పబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూ. ఆంగ్లము విధిగా నేర్వవలసిన భాష. నిజాము రాజ్యమున బీదరు మొదలగు జిల్లాలలో ఉన్నత విద్యకు దారి ఉర్దూ మీదుగనే యుండెను. ఇంట తెలుగు పలుకు బాలుడు ఆంగ్లపు ‘ఇన్’, ‘ఇన్‌టు’ అనువానిని ఉర్దూ ‘మే’ ద్వారా నేర్చినచో, రెండింటికి నడుమ తేడా మాయమగును. తన భాషలో స్పష్టముగ నున్న ‘లో’, ‘లోనికి’ అను భేదము వానికి ఉపకరింపదు. ఇంటిభాషను త్రోసి వేఱొక భాష ద్వారా మూడవ భాషను నేర్పుటలోని నష్టము ఇట్టిది.

తెలుగునాట మఱియొక ప్రయత్నము జరిగెను. ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలల పరీక్షాధికారి జె.ఎ. యేట్సు ఆంగ్లమును అనువాదముతో గాక ప్రత్యక్షపద్ధతిని నేర్పవలెనని ప్రోత్సహించుచుండెను. ఉపాధ్యాయుడు పుస్తకమును పెట్టెలో పెట్టి ‘ఇన్’ అనును, పైన పెట్టి ‘ఆన్’ అనును, తీసి ‘అవుట్ ఆఫ్’ అనును. బాలుడు కంటితో చూచి నేర్చును. ఈ పద్ధతికి బడిలోని మాట నోటిలోని మాటగా నుండవలెను. తెలుగు బోధనలో గ్రంథభాషకును నోటిభాషకును గల దూరమునుగూర్చి యేట్సు అడిగిన ప్రశ్నలు 1907 ప్రాంతమున గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు ప్రభృతులను కదిలించెను. వ్యావహారిక భాషోద్యమమునకు ఒక మూలము ఆంగ్లబోధనలోని ఈ మెలకువయే యగుట చరిత్రలోని వింత.

1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరెను. 1956 నవంబరు 1న రాజ్యపునర్వ్యవస్థ జరిగినప్పుడు బీదరు జిల్లా మూడు రాష్ట్రములకు పంచబడెను. అహమ్మదుపురము, నీలంగా, ఉద్గీరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయెను. నారాయణఖేడు తాలూకా, నిర్ణా సర్కిలు తప్ప జహీరాబాదు తాలూకా, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిలు ఆంధ్రప్రదేశమున చేరెను. బీదరు పట్టణము మైసూరు రాష్ట్రమున చేరెను. న్యాల్‌కల్ లోపలికి వచ్చెను, నిర్ణా వెలుపల నిలిచెను. వాని నడుమ పారు భాష మాత్రము గీత చూచి ఆగలేదు. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప జహీరాబాదు, నారాయణఖేడు ఆ రాష్ట్రమునకు చెందినవి. బీదరు 1973నుండి కర్ణాటకమని పేరొందిన రాష్ట్రమున నున్నది.

1958లో ఆంగ్లబోధనకై కేంద్రసంస్థ హైదరాబాదున వెలసెను. 1963లో దక్షిణ రాష్ట్రములకు ప్రాంతీయ సంస్థ బెంగుళూరున వెలసెను. ఆనాటి నిర్మాణపద్ధతి పాఠములలో పదములను విడివిడిగా గాక వాక్యపు అచ్చులుగ నేర్పుట మొదలాయెను. పారసీకపు దరఖాస్తు, దర్యాప్తులను ప్రజలు నేర్చినది ఇట్టి నిండు రూపములుగనే యను సంగతి ముందే చెప్పబడినది.

8. రెండు హెచ్చరికలు

మొదటి హెచ్చరిక ఆంగ్లమునుగూర్చి. తెలుగు విభక్తిని మాటకు మాటగ మార్చినచో తప్పులు దొరలును. ‘హైదరాబాదుకు చేరెను’ అను వాక్యమును బట్టి ‘రీచ్డ్ టు హైదరాబాద్’ అందురు; ‘రీచ్’ క్రియకు ‘టు’ అక్కఱ లేదు. ‘గదిలోనికి ప్రవేశించెను’ అనుదానిని బట్టి ‘ఎంటర్డ్ ఇన్‌టు ది రూమ్’ అందురు. ‘ఎంటర్’ అనుటలోనే లోపలికి అను భావమున్నది. ‘తిరిగి వచ్చెను’ అనుదానిని బట్టి ‘రిటర్న్డ్ బ్యాక్’ అందురు. ‘ఇంటికి పోయెను’ అనుదానిని బట్టి ‘వెంట్ టు హోమ్’ అందురు; ప్రాచీనాంగ్లపు ద్వితీయావిభక్తి నీడ ‘హోమ్’ మాటలో నిలిచియుండుటచే దానికి ‘టు’ చేరదు. ఇవి తెలివి లేక చేసిన తప్పులు కావు. తెలుగు భేదములను నమ్మకముగ మోసికొనిపోయి చేసిన తప్పులు. ఉపాధ్యాయుడు ఆ మూలమును చూపి దిద్దినచో బాలునకు సిగ్గు కలుగదు, ఎఱుక కలుగును.

రెండవ హెచ్చరిక తెలుగునుగూర్చి. ఆంగ్లపు ‘ఆన్’ ప్రభావమున వార్తాపత్రికల తెలుగున ‘పై’ అను పదము హద్దు మీఱి పెరుగుచున్నది. సమస్యను గూర్చి చర్చించుట ‘సమస్యపై చర్చ’ యైనది. ఒకనిని గుఱించిన విచారణ ‘అతనిపై విచారణ’ యైనది. ‘మీద కోపము’, ‘మీద ప్రేమ’ అనునవి తెలుగు సొంతపు పలుకుబడులే. వానితో తగవు లేదు. కాని ‘గూర్చి’, ‘గుఱించి’, ‘విషయమున’, ‘యెడల’ అనువానినన్నిటిని ఒక్క ‘పై’ మ్రింగివేసినచో, ఆంగ్లము చేయని భేదములను చేయగల తెలుగు ఆ శక్తిని చేజేత పోగొట్టుకొనును.

బీదరులోని తెలుగు కుటుంబముల బాలబాలికలకు ఈ రెండు హెచ్చరికలును ముఖ్యమైనవి. వారు బడిలో కన్నడము, అంగడిలో దక్కనీ, పరీక్షలో ఆంగ్లము వాడుదురు. తెలుగు ఇంటిలోనే మిగులును. అచ్చటనైనను ‘లో’, ‘లోనికి’, ‘లోనుండి’ అను త్రివిధభేదము సజీవముగ నుండినచో, వారికి ఆంగ్లపు ‘ఇన్’, ‘ఇన్‌టు’, ‘అవుట్ ఆఫ్’ అనువానిని గ్రహించుటకు కొలబద్ద చేతనుండును. ఇంటితెలుగు ఆంగ్లమునకు అడ్డమను భావము సరికాదు. సరిగా వాడినచో అది మెట్టు.

గవాను మదరసాలో పారసీకము చదివిన విద్యార్థులు పోయిరి; ఆ కట్టడపు కొంత భాగమును 1696 నాటి ప్రేలుడు కూల్చివేసెను. కాని ఆ భాష విడిచిన ‘దర్’, ‘బర్’ పదములు తెలుగు రైతు దరఖాస్తులో నేటికిని బ్రదికియున్నవి. ఒక భాష వేఱొక భాషలోనికి వచ్చుటకు జడియవలసినది లేదు. వచ్చిన దానిని తన నుడికారములో పొదుగుకొను నేర్పు ఆ భాషకు మిగిలియున్నదా లేదా యనునదియే ప్రశ్న. బీదరు చరిత్రను బట్టి తెలుగునకు ఆ నేర్పు కలదు. దానిని నిలుపుకొనుట ఆ భాష పలుకువారి పని.